ఆకు తెంపినాయన

‘స్థానికుల సహకారంతో.’ ఈ రెండు మాటలు ఎవరు కనిపెట్టారో గానీ, ఆ మనిషిని ఒకసారి ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగాలని ఉంటుంది. ఎవరయ్యా ఆ స్థానికులు? వాళ్లకు కాళ్లూ చేతులూ ఉండవా? అమ్మా నాయినా పెట్టిన పేరుండదా?

పోయిన ఎండాకాలం మా ల్యాబు వరండాలో ఒక పెద్ద మ్యాపు తగిలించారు. ఏ అడవి టేకు ఎలాంటిదో రంగురంగుల చుక్కలతో చూపించే మ్యాపు. కింద అయిదుగురి పేర్లు, పక్కన డిగ్రీలు. అయిదోది నాది. దాని కింద, కళ్లు చిట్లించి చూస్తే తప్ప కనపడని అక్షరాల్లో ‘స్థానికుల సహకారంతో’. గోడకు మేకు కొడుతుండగానే నాకు ఫోనొచ్చింది. అమ్రాబాద్ గుట్టల దగ్గరి పల్లె నుంచి, ఒకప్పుడు మాకు ఆకులు తెంపిపెట్టినాయన తమ్ముడు.

“అన్న పోయిండు సార్. నిన్న మట్టి జేసినం.”

“నిన్ననే చెప్తే వస్తుంటి గదా.”

“వస్తవో రావో అని చెప్పలే.”

ఆ మాట పడాల్సినవాణ్ణే నేను. ఫోను జేబులో పెట్టుకుని మ్యాపు వైపు చూశాను. అమ్రాబాద్ మీద గుంపుగా ఉన్న ఆకుపచ్చ చుక్కల్లో ప్రతి ఒక్కటీ ఆయన దోటి కొస తగిలిన చెట్టే.

మా పని చెప్పుకుంటే చిన్నదే. టేకు పైకి ఎక్కడైనా ఒకలాగే ఉంటుంది. కోసి దుంగ చేశాక అసలే తెలియదు. కానీ ఏ అడవి టేకుకు ఆ అడవి తాలూకు గుర్తులు కొన్ని లోపల, డీఎన్ఏలో ఉంటాయి. ముందే అడవులన్నీ తిరిగి, ఆకులు తెచ్చి, ఆ గుర్తులు పట్టి పెట్టుకుంటే, రేపు రోడ్డు మీద లారీలో దొరికిన దుంగ ఎక్కడ పుట్టిందో చెప్పవచ్చు. కాగితం అబద్ధం చెప్తుంది గానీ కర్ర చెప్పదు అని మా సారు ప్రతి మీటింగులోనూ అనేవాడు, చప్పట్లు కొట్టించుకునేవాడు. మొదటి అబద్ధం మా కాగితాల మీదే ఉందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

తెలంగాణ వచ్చిన కొత్త. పాలమూరు జిల్లా ఇంకా ముక్కలు కాలేదు. నేను ప్రాజెక్టులో అసిస్టెంటుగా చేరి నాలుగు నెలలు. టేకు ఆకు ఎక్కడో తాటి చెట్టంత ఎత్తున ఉంటుంది. మేం పట్నం నుంచి తెచ్చిన అల్యూమినియం కర్ర మొదటిరోజే వంగి కూర్చుంది. వెంట వచ్చిన గార్డు నవ్వి, “గా మ్యాకలాయన్ని పిలుస్త. పొయినేడు వాని దోటి గుంజుకున్నం. ఇయ్యాల వాని దోటే దిక్కైంది” అన్నాడు. మేకల కోసం కొమ్మ నరకడం అడవిలో నేరం. అదే కొమ్మ మా కోసం నరికితే సైన్సు.

బక్కపల్చని మనిషి, భుజాన గొంగడి, చేతిలో కొసకు కొడవలి కట్టిన పొడుగాటి వెదురు దోటి. గార్డు “ఒరేయ్, ఇటు రా” అన్నాడు. ఆయన కదల్లేదు, చెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. మూడోసారి గార్డు “రావే జర” అని దిగాక, అప్పుడే వినపడినట్టు వచ్చాడు. నాకు నవ్వొచ్చి, అలవాటు కొద్దీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

“చెయ్యి దియ్యి పిలగా” అన్నాడు. తీశాను. “మర్రిగూడ దిక్కోనివి.”

“నీకెట్ల ఎర్క కాకా?”

“గా నీళ్లు దాగినోల్ల పండ్లు గిట్లనే గారవడ్తయ్. నీ ఊరు నీ నోట్లనే ఉన్నది. ఆకులల్ల ఎవని ఊరు ఎతుకుతున్నవ్?”

ఫ్లోరైడు నీళ్లకు మచ్చలు పడి, పాతికేళ్లుగా దాచుకుంటున్న పండ్లు అవి. వేరే ఎవరన్నా అయితే కొట్టేవాణ్ణేమో. ఆయన జాలిపడలేదు, వెక్కిరించలేదు. తప్పిపోయిన మేక ఎవరి మందదో చెప్పినట్టు చెప్పాడంతే. ఆ రోజు నుంచి ఆయన ముందు నోరు మూసుకోవడం మానేశాను.

ఆయనకు ఒక ఊతమాట ఉండేది. “అడిగితె చెప్త.” అడగనిదే ఏదీ చెప్పడు. ఒకసారి జీపు తప్పుదారిన మూడు మైళ్లు పోయింది. వెనక కూర్చున్న ఆయన ఒక్క మాట అనలేదు. అంతా అయ్యాక మా సారు కోప్పడితే, “నన్ను అడిగిండ్రా?” అన్నాడు. సారుకు అది పొగరుగా కనిపించింది. నాకూ అప్పట్లో అలాగే కనిపించింది. పుట్టిన దగ్గరి నుంచి అడగకుండానే అన్నీ గుంజుకునేవాళ్ల మధ్య బతికిన మనిషి, అడిగించుకోవడాన్ని ఒక మర్యాదగా పెట్టుకున్నాడని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

లేత టేకాకు తెంపి అరచేతిలో నలిపేవాడు. ఎర్రటి రసం దిగుతుంది. దాన్ని చూసి, వాసన చూసి, “ఇది గుట్ట మీది టేకు”, “ఇది నాటిన టేకు” అని తేల్చేవాడు. మేం నెల రోజులు మిషన్ల మీద కూర్చుని చెప్పేదీ అదే. ఒక్కసారి తప్పాడు. రోడ్డు పక్క చెట్టును గుట్ట టేకు అన్నాడు, ల్యాబు నాటిన టేకు అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. “మీ మిషను తాగి ఉండొచ్చు” అని గార్డుతో అన్నాడట. మూడో రోజు తనే వచ్చి, “గాడ ముందుగాల నర్సిరి ఉండె. మర్శిన. మీ మిషనుకు చెప్పు” అన్నాడు.

ఆకు తెంపాక కవర్లో వేసి, కవరు మీద నాలుగు సంగతులు రాయాలి. చెట్టు నంబరు, జాగా, తారీఖు, తెంపినవాళ్ల పేరూ హోదా. మొదటిరోజే ఆయన పక్కన కూలబడి అడిగాడు.

“ఆఖరుకు రాసింది ఏంది?”

“తెంపినోల్ల పేరు.”

“ఎవల పేరు రాసినవ్?”

“నాది.”

“నువ్వు తెంపినవా?”

హోదా రాయాలి కాకా, నీకు హోదా లేదు గదా, అని సణిగాను.

“మ్యాకల కాపరి అని రాయి. అది కొలువు గాదా?”

సాయంత్రం సారును అడిగాను. “జర్నల్ వాళ్లు నవ్వుతారయ్యా” అన్నాడు. సారును అని ఏం లాభం, నేను మాత్రం గట్టిగా అడిగానా? మా అవ్వ పేరు ఓటరు లిస్టులో మూడుసార్లు మూడు రకాలుగా పడింది. మూడూ తప్పే. మా బాపు పేరు పక్కన ఇంటిపేరు ఉండాల్సిన చోట మా వాడ పేరు రాసేవాళ్లు. అలాంటి ఇంట్లోంచి వచ్చినవాణ్ణి. కలం నా చేతికి రాగానే నేను చేసిన మొదటి పని ఇంకొకడి పేరు మింగడం. ఆ సంగతి తలచుకుంటే ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది. ఆయన మాత్రం ఏ ఒక్క రోజూ అడగడం మానలేదు. కవరు కవరుకూ, “ఎవల పేరు?” నేను మాట దాటేసేవాణ్ణి.

రెండేళ్ల తర్వాత ఆయనే పట్నం వచ్చాడు, ల్యాబు వెతుక్కుంటూ. ఆయన పల్లె మీది గుట్టలో తొమ్మిది టేకు చెట్లు ఎవరో కొట్టుకుపోయారు. అటవీశాఖవాళ్లు వచ్చి ఆయన తమ్ముడి మీద కేసు పెట్టారు. సాక్ష్యం ఏమిటంటే తమ్ముడి ఇంటి టేకు దర్వాజ. ఎప్పుడో కూలగొట్టిన పాత ఇంటి నుంచి కొని తెచ్చుకున్న దర్వాజను ఊడబెరికి తీసుకుపోయారు. ఆ ఇల్లు గోనెపట్టా కట్టుకుని వానాకాలం గడిపింది.

ఆ నెలలోనే నకిరేకల్ దగ్గర హైవే మీద ఒక లారీ పట్టుబడింది. నిండా టేకు దుంగలు. డ్రైవరు దగ్గర పర్మిట్ భేషుగ్గా ఉంది. హుజూర్‌నగర్ దిక్కు ఒక పట్టా భూమిలో గట్ల మీద పెంచిన చెట్లట. దుంగల మీద అటవీశాఖ కొట్టే సుత్తి ముద్రలు కూడా ఉన్నాయి. అవి చూసి ఎవరైనా సెల్యూట్ కొట్టాల్సిందే. మేకలు కాసేవాడి దర్వాజకు మాత్రం పర్మిట్ ఎక్కడిది?

“గా దుంగలు మా గుట్టయే. నీ మిషను చెప్తదా చెప్పదా?” అన్నాడాయన.

“చెప్తది కాకా. మోళ్లు దొరుకుతయా?”

“దొరుకుడేంది, ఇగుర్లు బెట్టినయ్.”

టేకును కొట్టేసినా మోడు నుంచి చిగురు వస్తుంది. ఆ చిగురూ లారీలోని దుంగా ఒకే చెట్టు. రెండింటి గుర్తులూ అచ్చంగా కలవాలి. తమ్ముడి వకీలు రెండు కేసులూ కలిపి వినమని కోర్టులో అడిగి, మా ల్యాబుకు పరీక్ష రాయించాడు. నేను వెళ్లాను. మా వెంట రావాల్సిన ఆఫీసరు రాలేదు. నాకు గుట్ట మొదట్లోనే మడమలో ముల్లు దిగింది. “నువ్వు కూసో, నేను దెస్త” అని తొమ్మిది కవర్లు తీసుకుని ఆయన ఒక్కడే ఎక్కిపోయాడు.

పొద్దు వాలాక దిగి వచ్చాడు. చెమటతో గొంగడి తడిసిపోయింది. కవర్లలో అరచేయంత లేతాకులు, అంచులు ఎక్కడికక్కడ తెగి ఉన్నాయి. నాకు విసుగొచ్చింది.

“ఇయ్యేంది కాకా, చినిగినయ్? మంచియి తెమ్మంటి గదా.”

“చినగలే. కోసిన.”

అలా అని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఎందుకు కోశావు అని నేను అడగాలని. నేను అడగలేదు. జీపు డ్రైవరు తొందర పెడుతున్నాడు, నా కాలు నొప్పి. ఆయన అందించిన వరసలో ఒకటి నుంచి తొమ్మిది వరకు నంబర్లు వేశాను. తెంపినవాళ్ల పేరు దగ్గర నా పేరు రాశాను.

“ఇయ్యాల గూడ నీ పేరేనా?”

“కోర్టు పని కాకా. సదువుకున్నోని పేరుంటె బరువుంటది.”

“గుట్టెక్కిన కాళ్లు నాయి. బరువు నీ పేరుకా?” అని పొడిగా నవ్వి, దోటి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ల్యాబు పని ల్యాబు చేసింది. లారీలో మేం పరీక్షించిన ప్రతి దుంగా ఆ తొమ్మిది మోళ్లలో ఏదో ఒకదానిదే. దర్వాజ పాత కర్ర కాబట్టి దాంట్లో కొన్ని గుర్తులే దొరికాయి. ఆ దొరికినవి ఏ మోడుతోనూ కలవలేదు. రిపోర్టు టైపు చేస్తుంటే నా చేతులు ఆగలేదు. తమ్ముడు బయటపడ్డట్టే అని ఆయనకు ఫోన్ చేసి చెప్పాను కూడా.

కోర్టులో లారీ ఓనరు వకీలు పెద్దగా ఏమీ అడగలేదు. నేను బోనెక్కి, ఆకులు నేనే సేకరించానని రాసిందే చెప్పాను. ఆ వకీలు రిపోర్టు తిరగేసి మెల్లగా, “నాలుగో నంబరు మోడు గుట్టకు ఏ దిక్కున ఉంది?” అన్నాడు.

నాకు తెలియదు. గుట్టే ఎక్కనివాడికి ఎలా తెలుస్తుంది? అప్పుడు నిజం చెప్పాను. తెంపింది నేను కాదన్నాను. మరి ఎవరన్నాడు. చెప్పాను. ఆయన పేరు కాగితంలో ఎక్కడన్నా ఉందా అన్నాడు. లేదు. ఆయన ముద్దాయికి ఏమవుతాడు? అన్న. వకీలు రిపోర్టు మూసి, చిరునవ్వుతో కూర్చున్నాడు. కోర్టు మా రిపోర్టును పక్కన పెట్టేసింది. దుంగలు ఓనరుకు వెళ్లిపోయాయి. తమ్ముడి మీద కేసు అలాగే ఉండిపోయింది.

ఆయన ఆ రోజంతా కోర్టు వరండాలో గొంగడి మడిచి కింద వేసుకుని కూర్చున్నాడు. లోపలికి ఎవరూ పిలవలేదు. ఏ కాగితంలోనూ లేని మనిషిని ఏమని పిలుస్తారు? నేను బయటికి రాగానే లేచాడు.

“ఏమడిగిండ్రు?”

“నాలుగో మోడు ఏ దిక్కున్నదని.”

“నన్ను అడిగితె చెప్తుంటి” అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఆ తర్వాత నేను ఎప్పుడు ఫోన్ చేసినా ఎత్తేవాడు. ఎత్తి, మాట్లాడకుండా, ఫోను మేకల మధ్య పెట్టేసేవాడు. మెడ గంటలూ అరుపులూ వినిపించేవి. బ్యాలెన్సు ఉన్నంతసేపు వినేవాణ్ణి. పలకరించడానికి ఇష్టం లేదు, కట్ చేయడానికి మనసు రాలేదు అనుకునేవాణ్ణి. నిజం ఆయనకే తెలియాలి.

తమ్ముడు ఏళ్లకేళ్లు వాయిదాలకు తిరుగుతూనే ఉన్నాడు. ఈయనకు ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. దవాఖానకు పోదామంటే, “వీని కేసు కొట్టేసినంక పోత” అనేవాడట.

ఫోనొచ్చిన మూడో రోజు పల్లెకు వెళ్లాను. ఆయన భార్య వాకిట్లో కూర్చుని ఉంది. నన్ను గుర్తుపట్టింది.

“ఆయన గురించి ఏమన్న రాయాలని ఉంది అవ్వా, పేపరుకు” అన్నాను.

“రాస్తె రాయి. పేరు మాత్రం రాయకు.”

“ఎందుకవ్వా?”

“యాడ రాయమని బతిమిలాడెనో ఆడ రాయలేదు. ఇప్పుడు సచ్చినంక పేపర్ల రాస్తవా? ముందుగాల ఆడ రాయి. గా కోర్టు కాయితం మీద. ఆ తర్వాత నీ ఇష్టం.”

అందుకే, కోర్టు ఒప్పుకునేదాకా, ఇక్కడ ఆయన పేరు లేదు.

తమ్ముడు అప్పుడే మేకలను దొడ్లోకి తోలుతున్నాడు. ఒకటి నా మోకాలికి రాసుకుంటూ పోయింది. దాని చెవి అంచున గాట్లు, ముందు రెండు, వెనక ఒకటి. వెనక వచ్చిన మేక చెవికి ముందు ఒకటే. దాని చెవి పట్టుకుని చూశాను.

“ఈ గాట్లేంది?” అని అడిగాను. ఆనాడు అడగాల్సింది ఈనాడు అడిగాను.

“మంద గుర్తు సార్. ఒక్కొక్క తల్లి సంతానానికి ఒక్కొక్క తీరు కోత. పిల్ల యాడ తప్పిపోయినా చెవు జూస్తె ఏ తల్లిదో ఎర్కైతది. అన్ననే కోసేటోడు.”

“గుట్ట మీది మోళ్లు ఇంకా ఉన్నయా?”

“ఉండకేం. అన్న కొడవలి గాట్లు బెట్టిండు గదా వాట్కి. నీకు చెప్పలే?”

ఆ పూటే గుట్ట ఎక్కాను. ముళ్లు దిగితే దిగాయి. చిగుర్లు మనిషెత్తు కర్రలై మోళ్లను కమ్మేశాయి. తమ్ముడు వాటిని పక్కకు వంచితే, ఒక్కొక్క మోడు అంచునా కొడవలి గాట్లు, ఎండకూ వానకూ నల్లబడి, చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఏ రెండూ ఒకలాగ లేవు. తొమ్మిదింటినీ పుస్తకంలో గీసుకున్నాను, ఫోటోలు తీశాను, ఏది ఏ దిక్కున ఉందో రాసుకున్నాను.

మర్నాడు ల్యాబు తెరవగానే స్టోరులో పాత డబ్బా దించాను. తొమ్మిది కవర్లు, తొమ్మిది ఎండుటాకులు. పరీక్షకు మధ్యలో చిన్న ముక్క తీసుకున్నాం, అంచులు ఎవరూ ముట్టలేదు. బల్ల మీద పరిచి పుస్తకం పక్కన పెట్టాను. ముందు రెండు, వెనక ఒకటి. ముందు ఒకటి. కొస కోసి వెనక రెండు. ఒక్కొక్క ఆకూ ఒక్కొక్క మోడుతో కలిసింది. చదువు రాని మనిషి కోర్టుకు కావలసిన సాక్ష్యమంతా ఆకు చెవి మీద రాసి నా చేతికిచ్చాడు. నేను చినిగినయ్ అన్నాను. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను, ఎవరు చూస్తే ఏమిటి.

సారుకు చూపించాను. ఆయన ఆకుల వైపు చూసి, “ఇది తవ్వకు. ఈ తొమ్మిది కవర్ల మీద పేరు తప్పని ఒప్పుకుంటే, రేపు మ్యాపులోని కవర్లన్నీ అడుగుతారు” అన్నాడు.

“అడగనీయండి సార్. అమ్రాబాద్‌వి అన్నీ ఆయన తెంపినవే.”

“నీ ఉద్యోగం?”

నాకూ భయంగానే ఉంది, లేదంటే అబద్ధం.

తమ్ముడి వకీలు నన్ను మళ్లీ సాక్షిగా పిలవమని అర్జీ రాశాడు. దాంతో పాటు నా ప్రమాణపత్రం. తెంపింది నేను కాదు, ఫలానా ఆయన, అని మొదటి వాక్యంలోనే రాయించాను. కోర్టులో కాగితాలు తీసుకునే గుమాస్తా దాన్ని పైనుంచి కింది దాకా చూసి, ఒక చోట వేలు పెట్టి ఆగాడు.

“పేరున్నది. హోదా ఖాళీ ఇడ్శిపెట్టిండ్రు.”

“మేకల కాపరి” అన్నాను.

“అట్ల రాస్తరా ఎవలన్న?”

“అది కొలువు కాదా?”

ఆ మాట నాది కాదని గుమాస్తాకు తెలియదు. భుజాలెగరేసి, రాసిస్తే ముద్ర కొడతానన్నాడు. నా చేత్తో రాశాను. అక్షరాలు వంకర్లు పోయాయి, అయినా చదవడానికి వస్తుంది. వచ్చే నెల వాయిదా. నాలుగో మోడు ఏ దిక్కున ఉందో ఇప్పుడు నాకు తెలుసు. అడిగితే చెప్తాను.